మార్చొచ్చిన నంబర్లు, ముట్టుకోకూడని నంబర్లు

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

మీ కంపెనీ అమ్మబోయే ఎలక్ట్రానిక్ తాళాల మోడళ్లకీ, కట్టబోయే టవర్‌లోని అంతస్తులకీ నంబర్లు ఖాయం చేసే పని నీకు అప్పజెప్పారనీ, మీ పెద్దాయన మాత్రం ఎక్కడా 4, 13 కనపడకూడదని పట్టుబట్టారనీ రాశావు. ఇదంతా మూఢనమ్మకమని ఆయనకి ఎలా చెప్పాలని అడిగావు. అసలు చెప్పకు. ఎగుమతి సరుకుకి పేర్లూ నంబర్లూ పెట్టే పనిలోనే నా ఉద్యోగమంతా గడిచింది. సెంటిమెంట్ మీద వాదించి నెగ్గినవాణ్ణి నేను చూడలేదు. ఆయన ఏ నంబర్ వద్దన్నా నువ్వు ఒక్కటే చూసుకో: ఆ నంబర్ అక్కడ పేరుగా ఉందా, లెక్కగా ఉందా?

తాళం డబ్బా మీద ఉండే నంబర్ పేరు. మూడో మోడల్ తర్వాత వచ్చినదాన్ని 5 అన్నా ఎవరికీ నష్టం లేదు, తలుపు అలాగే తెరుచుకుంటుంది. అంతస్తు నంబర్ అలా కాదు, అది లెక్క. దాన్ని నమ్ముకుని మెట్లెక్కేవాళ్లు ఉంటారు. మొదటి రకంలో పెద్దాయన ఎంత అడిగితే అంత ఇచ్చెయ్. రెండో రకంలో గట్టిగా నిలబడు.

ముందు తాళాల సంగతి. పెద్ద పెద్ద కంపెనీలే ఈ విషయంలో మొహమాటపడలేదు. వన్‌ప్లస్ ఫోన్లలో 3టీ తర్వాత 2017లో నేరుగా 5 వచ్చింది. కానన్ పవర్‌షాట్ కెమెరాల్లో జీ3 తర్వాత జీ5. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2007 లోపలి వెర్షన్ నంబర్ 12, ఆ తర్వాత వచ్చిన ఆఫీస్ 2010ది 14. రెనో కంపెనీ 17 అనే కారుని ఇటలీలో 177 పేరుతో అమ్మింది. అక్కడివాళ్లకి 13తో పేచీ లేదు, భయమంతా 17తోనే. రోమన్ అంకెల్లో రాసిన 17లోని అక్షరాలని అటూ ఇటూ మారిస్తే, లాటిన్‌లో ‘నా బతుకు అయిపోయింది’ అనే అర్థం వస్తుందట. చూశావా, ఒక చోట వణికించే నంబర్ పక్క దేశంలో మామూలు నంబర్. అందుకే ‘అచ్చిరాని నంబర్లు’ అని ఒకే జాబితా రాసుకుని అన్ని దేశాలకీ వాడెయ్యకు. సరుకు ఎక్కడికి వెళ్తుందో ముందు కనుక్కో.

చైనా, హాంకాంగ్, జపాన్, కొరియా వైపు వెళ్లేట్టయితే ఇంకాస్త జాగ్రత్త కావాలి. అక్కడ గొడవంతా అంకె చూపుతో కాదు, పలుకుతో. నాలుగు అనే మాట చావు అనే మాటలా వినిపిస్తుంది. జపాన్‌లో తొమ్మిది కూడా బాధ అనే మాటకి దగ్గరగా పలుకుతుంది. ఎనిమిది దీనికి పూర్తిగా ఎదురు, చైనా భాషల్లో అది సంపద పెరగడాన్ని గుర్తుచేస్తుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌ని ఎనిమిదో నెల ఎనిమిదో తారీకు రాత్రి ఎనిమిదింటికి మొదలుపెట్టింది ఊరికే కాదు. 2003లో సిచువాన్ ఎయిర్‌లైన్స్ ఎనిమిది ఎనిమిదులున్న ఫోన్ నంబర్‌ని 23 లక్షల యువాన్లకి పైగా పెట్టి కొనుక్కుంది. అయితే ఎనిమిది ఉంటే చాలు కలిసొస్తుందనుకుంటే పొరపాటే. హాంకాంగ్‌లో మాట్లాడే కాంటొనీస్‌లో అయిదు అనేది ‘కాదు, లేదు’ అన్నట్టు వినిపిస్తుంది. అందుకని 58 అంటే ‘కలిసిరాదు’ అని తీసుకునేవాళ్లున్నారు. 168 మాత్రం దారి పొడుగునా లాభమే అన్నట్టు పలుకుతుంది కాబట్టి దానికి మంచి గిరాకీ. ఇవి కాగితం మీద తేలే లెక్కలు కావు. ఆ భాష పుట్టుకతో మాట్లాడే మనిషి చేత నంబర్ మొత్తాన్ని గట్టిగా చదివించి వినాలి. ఒక్కరు చాలరు, ముగ్గురు నలుగురితో చదివించు.

ఇంకో సంగతి, నంబర్ అంటే రాసిన అంకె ఒక్కటే అనుకోకు. బ్రస్సెల్స్ ఎయిర్‌లైన్స్ వాళ్లు విమానం తోక మీద చుక్కలతో ఒక అక్షరం గీయించుకున్నారు. కొందరు ప్రయాణికులు కూర్చుని లెక్కపెడితే చుక్కలు 13 తేలాయి. అభ్యంతరాలు రావడంతో పద్నాలుగో చుక్క కలిపారు. అప్పటికే రంగు వేసిన విమానాలని మళ్లీ ముట్టుకోవలసి వచ్చిందంటే ఖర్చు ఊహించుకో. మీ డబ్బా మీద బొమ్మలో ఎన్ని గీతలున్నాయో, పెట్టెలో ఎన్ని స్క్రూలు ఇస్తున్నారో కూడా ఒకసారి లెక్కపెట్టించు. నవ్వొస్తుంది కానీ పది నిమిషాల పని.

కనిపించకుండా పోయిన ప్రతి నంబర్‌కీ భయమే కారణమని కూడా అనుకోకు. ఐఫోన్ 9 రాలేదు, విండోస్ 9 రాలేదు. ఐఫోన్ విషయంలో పదో వార్షికోత్సవం మోడల్‌కి పది అని పేరు పెట్టుకున్నారు, అంతే. మీ పెద్దాయన ఇలాంటివి ఉదాహరణలుగా చెబితే తలూపి ఊరుకో.

నంబర్‌నే పేరుగా పెట్టుకోవడంలో అసలు చిక్కు ఎవరూ తలుచుకోనిది ఒకటుంది. ఒట్టి అంకెని నీ సొత్తుగా కాపాడుకోవడం కష్టం. కంప్యూటర్ చిప్‌లు చేసే ఇంటెల్, తన చిప్‌కి పెట్టుకున్న ‘386’ అనే నంబర్ తనదేనని అమెరికా కోర్టుకి వెళ్లి 1991లో ఓడిపోయింది. ఆ తర్వాత కొత్త చిప్‌కి 586 అని కాకుండా పెంటియం అని పేరు పెట్టి 1993లో తెచ్చింది. కాబట్టి తాళానికి ముందు ఒక మంచి మాట వెతుకు. నంబర్ దాని వెనక తోకలా ఉంటే చాలు. పేరు బలంగా ఉంటే తోకలో నాలుగుందా అయిదుందా అని గొడవపడే అవసరం కూడా తగ్గుతుంది.

న్యూమరాలజీ ఆయన వచ్చి ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో ఒక అక్షరం పెంచమన్నాడని రాశావు కదా. అక్షరాలకి అంకెలిచ్చే పద్ధతులు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. సన్ అనే మూడక్షరాల పేరు తీసుకో, ఎస్, యు, ఎన్. పైథాగరస్ పేరు మీద నడిచే పద్ధతిలో 1, 3, 5 కలిసి 9 వస్తుంది. కాల్డియన్ పద్ధతిలో 3, 6, 5 కలిసి 14, ఆ ఒకటినీ నాలుగునీ కలిపితే 5. రెండో పద్ధతిలో ఏ అక్షరానికీ తొమ్మిది ఇవ్వనే ఇవ్వరు. పేరొకటే, ఫలితాలు రెండు. ఇది ఆయన ముందు వాదనగా పెట్టకు. పెద్దాయనతో ఒంటరిగా ఉన్నప్పుడు వేరే మాట చెప్పు: ఆ అదనపు అక్షరం వల్ల కొనేవాళ్లు పేరు విని ఫోన్‌లో వెతికితే మనం దొరకం. ఆ మాట వ్యాపారికి వెంటనే ఎక్కుతుంది.

ఇక టవర్. పెద్దాయన భయంలో కొంత వ్యాపార నిజం ఉంది, కాదనకు. కెనడాలోని వాంకూవర్‌లో ఇళ్ల అమ్మకాలని ఆర్థికవేత్తలు పరిశీలించారు. చైనా మూలాలున్న కుటుంబాలు ఎక్కువగా ఉండే పేటల్లో 4తో ముగిసే నంబరున్న ఇల్లు సుమారు 2.2 శాతం తక్కువకీ, 8తో ముగిసేది సుమారు 2.5 శాతం ఎక్కువకీ అమ్ముడుపోయాయి. నమ్మకం ఉత్తిదైనా ధరలో తేడా ఉత్తిది కాదు.

కానీ అదే వాంకూవర్ 2015లో కొత్త భవనాల్లో 4, 13, 14 లాంటి అంతస్తు నంబర్లు దాటవేయకూడదని చెప్పేసింది. కారణం అగ్నిమాపక సిబ్బంది. మంటలంటుకున్నప్పుడు లిఫ్టులు పనికిరావు. పొగలో మెట్లెక్కుతూ ఇన్ని అంతస్తులు ఎక్కామని వాళ్లు లెక్కపెట్టుకుంటారు. పై నుంచి ఫోన్ చేసిన మనిషి ఇరవై అంటే, నేల నుంచి లెక్కిస్తే అది పదహారో పదిహేడో అయితే, ఎక్కడ ఆగాలి? బయట నుంచి నిచ్చెన వేసేవాళ్లకి కిటికీలు లెక్కపెట్టడం తప్ప వేరే దారి ఉందా? హాంకాంగ్‌లో కాండ్యూట్ రోడ్డులోని ఒక భవనం 46 అంతస్తులదే అయినా పై అంతస్తుకి 88 అని పేరు పెట్టి జనం నోళ్లలో నానింది. అలాంటి చోట అంబులెన్స్ వాళ్ల అవస్థ తలుచుకో.

దాటవేయడంలో ఉన్న తమాషా కూడా పెద్దాయనకి మెల్లిగా చెప్పొచ్చు. 12 తర్వాత 14 అని రాస్తే, ఆ పద్నాలుగులో ఉన్నవాళ్లు పడుకునేది పదమూడులోనే. కొన్నిచోట్ల 13కి బదులు ఎమ్ అని బటన్ పెడతారు. ఇంగ్లీషు అక్షరాల్లో ఎమ్ పదమూడోది! పైగా బ్రిటన్ లెక్కలో నేల మీది అంతస్తుని వదిలి ఆ పైనుంచి ఒకటి అంటారు, అమెరికా లెక్కలో నేల మీదిదే ఒకటి. అదే గది ఒక దేశంలో 12లో ఉంటే ఇంకో దేశంలో 13లో ఉన్నట్టు. దురదృష్టం ఏ లెక్క చూసుకుని వస్తుందో మరి.

మరి ఏం చెయ్యాలంటావు. పదమూడో అంతస్తు నంబర్ అలాగే ఉంచి, అక్కడ ఇళ్లు పెట్టకుండా నీళ్ల పంపులు, ఏసీ యంత్రాలు, జిమ్ లాంటివి పెట్టమను. ఎత్తైన భవనంలో వీటికి ఎలాగూ మధ్యలో ఒక చోటు కావాలి. లెక్క చెడదు, అమ్మడానికి పదమూడో నంబర్ ఇల్లూ ఉండదు. నాలుగో అంతస్తుకి ఇది కుదరకపోతే అంతస్తు నంబర్‌ని వదిలి ఫ్లాట్ పేరులో సర్దుబాటు చెయ్. ఒక అంతస్తులోని ఫ్లాట్లకి అంకెలకి బదులు ఏ, బీ, సీ వాడితే 404 లాంటి నంబర్లు రానే రావు. ఇల్లు ఏ అంతస్తులో ఉందో మాత్రం అబద్ధమాడకు. 666ని క్రైస్తవుల్లో కొందరు సైతాను అంకె అంటారు. ఇంటెల్ వాళ్లు 666 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌ని 667 అన్నారు చూడు, అది నాకు నచ్చిన సర్దుబాటు. అసలు వేగం 666.67, దగ్గరి అంకెకి సరిచేస్తే 667 అనడమే న్యాయం. భయమూ పోయింది, లెక్కా తప్పలేదు.

పెద్దాయన అంతటికీ ఒప్పుకోకపోతే ఒక పని చెయ్. నీ మాటగా కాకుండా, అగ్నిమాపక శాఖ వాళ్లు ప్లాన్ చూసి రాసి ఇచ్చిన మాటగా ఆయన ముందు పెట్టు. అంతస్తుల జాబితా వాళ్లకి పంపి, జవాబు కాగితం మీదే తెప్పించుకో. లిఫ్ట్ ప్యానెల్ ఆర్డర్, మెట్ల గోడల మీద రాయించే నంబర్లు, విద్యుత్ మీటర్ల బోర్డులు, ఈ మూడింటికీ ఒకే జాబితా వెళ్లాలి. సగం చోట్ల 13 ఉండి సగం చోట్ల లేకపోవడం కంటే పెద్ద తలనొప్పి ఇంకోటి లేదు. ఆర్డర్ వెళ్లేలోపు ఆ జాబితా, తాళాల పేర్ల చిట్టా నాకు పంపితే ఒకసారి చూసి పెడతాను.

ఇట్లు,
మామయ్య