పీవీ బొమ్మలో పోలిక ఎందుకు రావట్లేదంటే

తమ్ముడూ, నువ్వు వేసిన పీవీ నరసింహారావు గారి క్యారికేచర్ (మొహంలోని ప్రత్యేకతను పెంచి గీసే బొమ్మ) చూశాను. ముక్కు, చెవులు, పెదవులు అన్నీ పెద్దగా వేసినా పోలిక రావట్లేదన్నావు. అసలు చిక్కు ఆ 'అన్నీ' దగ్గరే ఉంది. అన్నీ పెరిగితే ఏదీ పెరిగినట్టు కనిపించదు. మన లక్నేపల్లిలో పుట్టిన ఆయన మొహంలో కార్టూనిస్టులు పట్టుకున్నది ముందుకు పొడుచుకొచ్చిన ఆ పెదవుల్నే. వాటిని పెంచు, కళ్లు కాస్త తగ్గించు.

ఇంకోటి, నువ్వు కళ్లతో మొదలుపెట్టినట్టున్నావు, అందుకే నోరు పక్కకు జారింది. ముందు తల ఆకారం తేల్చుకో. మామూలుగా కళ్లు నడినెత్తికీ గడ్డానికీ సరిగ్గా సగంలో ఉంటాయి, రెండు కళ్ల మధ్య ఇంకో కన్ను పట్టేంత జాగా ఉంటుంది. నువ్వు గీసే మనిషిలో ఈ కొలత ఎక్కడ తప్పుతుందో అక్కడే సాగదీయాలి. మొహం వంపు వెంబడి నడిగీత లేతగా వేసుకో. ఎంత సాగదీసినా ముక్కు, నోరు, గడ్డం ఆ గీత మీదే కూర్చోవాలి.

హన్మకొండ బస్టాండ్‌లో అరగంట కూర్చుని, మనిషికి రెండు నిమిషాల చొప్పున గీయి. నాకు చెయ్యి కుదిరింది అక్కడే. బొమ్మను అద్దంలో కూడా చూడు, వంకర వెంటనే దొరుకుతుంది.