ఇరాన్ అణు ఒప్పందాన్ని అమలు చేయించే విషయంలో అమెరికాలో రెండు పార్టీలూ ఎప్పుడైనా ఒక మాట మీదకి వచ్చాయా?

వచ్చాయి. వచ్చి ఏం ఒరిగింది అనేది వేరే సంగతి. నాకు తెలిసిన రాజకీయమంతా వర్జీనియాలో మా ఆఫీసు లంచ్ రూమ్‌లో నేర్చుకున్నదే.

అణు కార్యక్రమాన్ని ఇరాన్ తగ్గించుకుంటే ఆంక్షలు ఎత్తేస్తామన్నదే 2015లో ఒబామా ప్రభుత్వం చేసుకున్న ఆ ఒప్పందం. ఆ సెప్టెంబర్‌లో దాన్ని అడ్డుకోవాలన్న తీర్మానం అమెరికా కాంగ్రెస్ (అంటే వాళ్ల పార్లమెంటు) పై సభ సెనేట్‌లో ముందుకు సాగాలంటే 60 ఓట్లు కావాలి, 58 వచ్చాయి. మా టీమ్‌లో నేవీలో చేసి వచ్చిన రిపబ్లికన్ ఒకాయన, ఎన్నికలొస్తే ఇంటి ముందు డెమొక్రాట్ల బోర్డు పాతే ఆవిడ ఒకరు. ఆ రోజు వాళ్ల అరుపుల్లో పడి, మైక్రోవేవ్‌లో నా పప్పు పొంగిపోయినా చూసుకోలేదు. తుడిచింది నేనే అనుకోండి. ఆ మైక్రోవేవ్ వాడేవాళ్లు నలభై మంది, తుడిచేవాడు ఎప్పుడూ ఇండియన్.

2017 అక్టోబర్‌లో, ఒప్పందం సరిగ్గా నడుస్తోందని కాంగ్రెస్‌కి ఇక సర్టిఫై చేయనని ట్రంప్ చెప్పాక, మళ్లీ అదే టేబుల్. నేవీ ఆయన శాండ్‌విచ్ పక్కన పెట్టి, "పనికిమాలిన ఒప్పందమే. కానీ సంతకాలైపోయాయి, వాళ్ల డబ్బు వాళ్లకి చేరిపోయింది. ఇప్పుడు చింపితే నష్టం మనకే. ఒక్క గ్రాము తేడా రాకుండా లెక్క అడగాలి" అన్నాడు. ఆవిడ ఊరుకుందా? "రెండేళ్ల కిందట నేను మొత్తుకున్నది ఇదేగా!" అని మళ్లీ మొదలుపెట్టింది.

కాంగ్రెస్‌లోనూ అచ్చం ఇదే. 2015లో ఒప్పందం వద్దన్న రిపబ్లికన్ ఎడ్ రాయిస్, డెమొక్రాట్ బెన్ కార్డిన్ ఇద్దరూ 2017కి వచ్చేసరికి, ఉన్నదాన్ని గట్టిగా అమలు చేయిద్దాం అన్నారు.

నన్నడిగితే, అవతలివాడి మెడ మీద కత్తి పెట్టడమంటే రెండు పార్టీలకీ ఎప్పుడూ ఏకాభిప్రాయమే. 2016 డిసెంబర్‌లో ఇరాన్ ఆంక్షల చట్టాన్ని పదేళ్లు పొడిగిస్తే సెనేట్‌లో 99-0. ఒబామా సంతకం పెట్టకపోయినా అది చట్టమైపోయింది. పేచీ అంతా మనం ఇస్తామన్నది ఇచ్చే దగ్గరే. ఇక ఇరాన్ వైపు చూస్తే, యురేనియం శుద్ధి 3.67 శాతం దాటకూడదు, నిల్వ 300 కిలోలు మించకూడదు అని ఆ ఒప్పందంలో ఉండేది. ఈ రెండు అంకెలు చెప్పకుండా గంటసేపు డిబేట్ నడిపే మన టీవీ యాంకర్లకి దండం పెట్టాలి.

2018 మే 8న ట్రంప్ బయటికి వచ్చేశాడు. మర్నాడు లంచ్‌లో ఇరాన్ ఊసే లేదు. ఇద్దరూ పార్కింగ్ పాసుల గురించి కొట్టుకున్నారు.