డాలస్‌లో ఎలక్ట్రిక్ ట్రక్కు కొంటానంటున్న మియాపూర్ తమ్ముడికి

తమ్ముడూ, ఎలక్ట్రిక్ ట్రక్కు కొననా అని నువ్వు అడిగినదానికి డాలస్ నుంచి కాదు, దిల్‌సుఖ్‌నగర్‌లో మా అమ్మానాన్నల ఇంట్లో కూర్చుని రాస్తున్నా, సెలవు మీద వచ్చి పది రోజులైంది. నిన్న మీ నాన్నగారు మియాపూర్ నుంచి మెట్రోలో వచ్చారు. చాయ్ చల్లారిపోయేదాకా అలాగే పట్టుకుని కూర్చుని చివరికి అడిగారు, "వాడు ఏదో కరెంటు లారీ కొంటానంటున్నాడు బాబూ, మంచిదేనా" అని. నీ ఎడ్యుకేషన్ లోన్‌కి ఇల్లు తాకట్టులో ఉందని కూడా చెప్పారు. అందుకే కొంచెం ఎక్కువే రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

నేను కొన్నది 2023లో, ఫోర్డ్ వాళ్ళ ఎలక్ట్రిక్ పికప్ ట్రక్కు ఎఫ్-150 లైట్నింగ్, చిన్న బ్యాటరీది, 98 కిలోవాట్ అవర్లు అంటే 98 యూనిట్ల కరెంటు, ఫుల్ ఛార్జికి 240 మైళ్ళు రేటింగ్. మొదటి నెల ఎంత సంతోషంగా ఉన్నానంటే, రాత్రి పడుకునే ముందు బాల్కనీలోంచి ఒకసారి చూసి వచ్చేవాణ్ణి. ఇంజిన్ ఉండాల్సిన చోట పెద్ద డిక్కీ, 400 లీటర్లు, నెల సరుకులు మొత్తం అందులోనే పట్టేస్తాయి. సిగ్నల్ దగ్గర కాలు వేస్తే చప్పుడు లేకుండా దూసుకుపోతుంది, రెండున్నర టన్నులు దాటిన బండి అంటే నమ్మలేం. ఆ ఏడాది బతుకమ్మకి పార్కులో కరెంటు లేకపోతే వెనకున్న ప్లగ్గులకి మైకు, లైట్లు, కాఫీ కెటిల్ అన్నీ తగిలించాం, మూడు గంటలు ఆడినా బ్యాటరీ పెద్దగా తగ్గలేదు. అందరూ వచ్చి ఫోటోలు దిగారు. మా నాన్నకి ఫోటో పంపితే ఒకటే అడిగాడు, "బండి బాగుంది, అప్పు ఎంత?"

అప్పు నెలకి 780 డాలర్లు. అప్పటి రేటులో 64 వేల రూపాయల పైనే. ఇక్కడేమో నా చదువు అప్పు ఇంకా తీరలేదు, నాన్న రిటైరై పెన్షన్ మీద ఉన్నాడు, నేను ఆ మాట పక్కన పెట్టేసి సంతకం చేశా. డీలర్ దగ్గర నెల వాయిదా ఒక్కటే చూశా, వడ్డీ శాతం చూడలేదు, 72 నెలలు అంటే ఆరేళ్ళని కూడా లెక్కేసుకోలేదు. నువ్వు అమెరికా వెళ్ళి ఇంకా ఏడాది కూడా కాలేదు, క్రెడిట్ హిస్టరీ, అంటే అప్పులు సరిగ్గా కట్టిన రికార్డు, చిన్నది, నాకు పడ్డదానికంటే నీకు వడ్డీ ఎక్కువే పడుతుంది.

అసలు తప్పు ఇంకొకటి. అప్పుడు నేను ఉండేది అపార్ట్‌మెంట్‌లో, పార్కింగ్‌లో ప్లగ్ లేదు. ఏముందిలే, బయట ఫాస్ట్ ఛార్జర్లు ఉన్నాయిగా అనుకున్నా. వారానికి రెండుసార్లు ఆఫీసు అయ్యాక షాపింగ్ సెంటర్ దగ్గర ముప్పావు గంట కూర్చునేవాణ్ణి, అన్నం బాక్సు బండిలోనే తినేవాణ్ణి. మూడు నెలలయ్యాక బిల్లులు ముందు పెట్టుకుని కూర్చున్నా. బయట యూనిట్ 50 సెంట్లు, ఈ ట్రక్కు యూనిట్‌కి రెండు మైళ్ళు పోతుంది, అంటే మైలుకి 25 సెంట్లు. అంతకుముందు నడిపిన పాత పెట్రోల్ సెడాన్‌కి మైలుకి 10 సెంట్లే అయ్యేది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నిజంగా. ఇప్పుడు సొంతిల్లు, గరాజ్‌లో 240 వోల్టుల లైన్ వేయించా, ఎలక్ట్రీషియన్‌కీ ఛార్జర్‌కీ కలిపి 1,400 డాలర్లు అయ్యింది, ఇప్పుడు మైలుకి 7 సెంట్లు. అదే బండి, ప్లగ్ ఎక్కడుందన్నదే తేడా. మామూలు గోడ ప్లగ్‌కి పెడతానంటావేమో, రాత్రంతా పెట్టినా పాతిక ముప్పై మైళ్ళు వస్తాయి, అంతే.

ట్రైలర్ సంగతి కూడా విను. ఫ్రెండ్ హ్యూస్టన్‌కి మారుతుంటే సామాను నేను తెస్తా అన్నా, జనవరి చలి, వెనక అద్దె ట్రైలర్. బరువు లాగుతుంటే రేంజి, అంటే ఒక ఛార్జికి పోయే దూరం, సగానికి పడిపోతుందని వినే ఉన్నా కానీ స్క్రీన్ మీద అంకె అలా కరిగిపోతుంటే చూడటం వేరు. 240 మైళ్ళ దారిలో రెండుసార్లు ఆగాల్సొచ్చింది. ఛార్జర్ దగ్గర ట్రైలర్‌తో లోపలికి పోవడానికి చోటు లేదు, రాత్రి పదకొండుకి మా ఆవిడ ఫోన్ లైటు పట్టుకుంటే నేను ట్రైలర్ విప్పి, ఛార్జి పెట్టి, మళ్ళీ తగిలించా. గ్లౌజులు లేవు, ట్రైలర్ తగిలించే హిచ్ ఇనుము ముట్టుకుంటే వేళ్ళు అంటుకుపోతున్నట్టు ఉంది. నాలుగు గంటల దారి ఎనిమిది గంటలు పట్టింది.

రూల్స్ సంగతి ప్రభుత్వ సైట్లలో నువ్వే చూసుకో. కొత్త ఎలక్ట్రిక్ బండి (ఈవీ) కొంటే అమెరికా ప్రభుత్వం పన్నులో తగ్గించే 7,500 డాలర్ల టాక్స్ క్రెడిట్ 2025 సెప్టెంబర్ 30తో అయిపోయింది. టెక్సాస్‌లో ఈవీకి ఏటా 200 డాలర్లు అదనపు రిజిస్ట్రేషన్ ఫీజు, కొత్త బండికి మొదట్లోనే 400. ఇక్కడ తెలంగాణలో 2024 నవంబర్ నుంచి ఈవీలకి రోడ్ టాక్స్ మాఫీ ఇచ్చారు, అక్కడా అలాగే ఉంటుందనుకోకు. ఇన్సూరెన్స్ కోట్ మాత్రం సంతకానికి ముందే తీసుకో, నాది పాత కారు మీద దాదాపు రెట్టింపైంది. టైర్లు కూడా బండి బరువుకి తొందరగా అరుగుతాయి, నాలుగు మార్చేసరికి వెయ్యి డాలర్ల పైనే పోయాయి.

బండి చెడ్డదని అనట్లేదు తమ్ముడూ, నాకు ఇప్పటికీ ఇష్టమే, దాన్ని అమ్మేయను కూడా. కానీ నేను దాన్ని నిలబెట్టుకోవడానికి రెండేళ్ళు పండక్కి ఇంటికి రాలేదు, టికెట్ డబ్బులు వాయిదాలకి పోయాయి. నువ్వు ముందు ఒక మంచి సెకండ్ హ్యాండ్ సెడాన్ చూసుకో, ఆ మిగిలేది నెలనెలా మియాపూర్ లోన్‌కి కట్టు, ఇల్లు కాగితాలు మీ నాన్నగారి చేతికి రానీ. ఆ తర్వాత గరాజ్ ఉన్న ఇల్లు తీసుకున్నప్పుడు నాకు ఫోన్ చెయ్, డీలర్ దగ్గరికి నేనే వచ్చి కాగితాలు చదువుతా.

నేను 20న తిరిగి వస్తున్నా. మీ అమ్మగారు ఆవకాయ, సున్నుండలు ఇచ్చారు, నా పెట్టెలో పెట్టా. వచ్చే శనివారం మా ఇంటికి రా, ట్రక్కు తాళాలు ఇస్తా, రోజంతా నడిపి చూసుకో. ఇల్లు మారే పనుంటే ఆరోజే సామాను కూడా దాంట్లోనే వేసేద్దాం.