జింకు, 19-19-19 కలిపితే డ్రమ్ములో మందు ఎందుకు విరిగింది?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు మండలం. రెండెకరాల నల్లరేగడిలో మిరప వేశాను. మొన్నటి ముసురు తర్వాత చిగురాకులు పసుపుపచ్చగా మారాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. షాపులో అడిగితే జింకు కొట్టమన్నారు. 200 లీటర్ల డ్రమ్ములో బోరు నీళ్లు పట్టి 400 గ్రాముల జింక్ సల్ఫేట్, నత్రజని, భాస్వరం, పొటాష్ ఉండే 19-19-19 ఎరువు కిలో కలిపాం. కాసేపటికి పాలు విరిగినట్టు తెల్లటి తరకలు కట్టి నాజిల్ మూసుకుపోయింది. జింకు కల్తీదా? డ్రమ్ము ఇంకా గట్టు మీదే ఉంది. వడపోసి కొట్టవచ్చా?

జవాబు: వడపోసి కొట్టకండి. గుడ్డలో మిగిలే ఆ తెల్లటి ముద్దలోనే మీరు డబ్బు పోసి కొన్న జింకు ఉంది. కిందికి దిగే నీళ్లలో నత్రజని, పొటాష్ ఉంటాయేమో గానీ చెప్పుకోదగ్గ జింకు ఉండదు. పురుగుమందు ఏదీ కలపలేదు కాబట్టి పొలంలోనే ఖాళీగా ఉన్న చోట పారబోయండి. కాలువలోకి మాత్రం వద్దు.

కల్తీ జింకు బజారులో ఉండదని నేను అనను. కానీ నిఖార్సైన జింకైనా ఈ డ్రమ్ములో ఇలాగే విరిగేది. 19-19-19లో మధ్య అంకె భాస్వరం. జింకు విడిగా నీళ్లలో కరుగుతుంది, ఆ భాస్వరమూ విడిగా కరుగుతుంది. రెండూ కలిస్తే జింక్ ఫాస్ఫేట్ తయారవుతుంది, అది కరగదు. దానికి తోడు మీ బోరు నీళ్లు. ఆ నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతోందా? సబ్బు నురగ రాక తెట్టు తేలుతోందా? అయితే వాటిలో కాల్షియం, బైకార్బొనేట్లు దండిగా ఉన్నట్టే. ఆ కాల్షియం కూడా భాస్వరాన్ని పట్టేసుకుంటుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీ డ్రమ్ములో పది నిమిషాల్లో జరిగిన పనే మీ నేలలో ఏళ్ల తరబడి జరుగుతోంది. ఎండిన మట్టిగడ్డను పొడి చేసి, గుప్పెడు పళ్లెంలో పోసి, నాలుగు చుక్కల వెనిగర్ వేసి చెవి దగ్గర పెట్టుకోండి. చిటచిటమంటూ నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టు. అలాంటి రేగడిలో పీహెచ్ (పులుపు, క్షారం కొలిచే అంకె, 7 దాటితే క్షారం) 8 దాటడం మామూలే. మీ పొలంలో ఇనుముకు కొదవ లేదు, ఎకరా పైమట్టిలోనే టన్నులకొద్దీ ఉంటుంది. కాకపోతే తుప్పులాంటి రూపంలో ఉంటుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే, కరిగి ఉండే ఫెర్రిక్ ఇనుము సుమారు వెయ్యో వంతుకు పడిపోతుంది. పైగా ముసురు పట్టింది. నీళ్లు నిలిస్తే వేళ్లు వదిలే బొగ్గుపులుసు వాయువు పైకి పోలేక, సున్నంతో కలిసి బైకార్బొనేట్ అవుతుంది. ఇనుము అందడం ఇంకా కష్టమవుతుంది.

అవునండీ, మీ తోటకు తక్కువైంది ఇనుము. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపెక్కడం దాని గుర్తు. జింకు తక్కువైతే ఆకులు చిన్నవై సన్నబడతాయి, కణుపులు దగ్గరై మొక్క గిడసబారుతుంది. షాపులో ఆకు చూడకుండా చెప్పినట్టున్నారు.

ముందు చేలో నిలిచిన నీళ్లు తీసేయండి. తర్వాత లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, అంటే ఇనుము ఉండే లవణం), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) చొప్పున, అంటే మీ డ్రమ్ముకు కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మ ఉప్పు. నిమ్మ ఉప్పునే ముందు కరిగించాలి. అది నీళ్లను పులుపెక్కించడమే కాక, పీత డెక్కలతో పట్టుకున్నట్టు ఇనుమును పట్టుకుని తుప్పుగా మారకుండా కాస్తుంది. డబ్బాల మీద 'చిలేటెడ్' అని రాస్తారే, ఆ మాట పీత డెక్కకు గ్రీకులు వాడే మాట నుంచి వచ్చిందే. అన్నభేది కొనేటప్పుడు లేత ఆకుపచ్చ పలుకులు చూసి తీసుకోండి. ఎర్రమట్టి రంగులోకి తిరిగిందంటే ప్యాకెట్‌లోనే తుప్పు పట్టిందని అర్థం, అది వద్దు. చల్లని పూట, వారం వ్యవధితో రెండు మూడుసార్లు కొట్టండి. కలిపిన పూటే వాడేయాలి, ఇందులో ఇంకేమీ కలపకూడదు.

కూలి కలిసొస్తుందని మనవాళ్లు ఒకే ట్యాంకులో నాలుగైదు మందులు పోసేస్తున్నారు. నాకైతే అది చూస్తే టెన్షన్. విరిగితే కంటికి కనిపిస్తుంది. కనపడకుండా చచ్చిపోయే మందులూ ఉన్నాయి. తెగులు మందు కాప్టాన్‌నే తీసుకోండి, నీళ్ల పీహెచ్ 8 ఉంటే కొద్ది నిమిషాల్లోనే దాని బలం సగానికి పడిపోతుంది. తప్పక కలపాల్సి వస్తే లీటరు సీసాలో అదే బోరు నీళ్లతో, అదే మోతాదులో కలిపి అరగంట ఆగి చూడండి. తరకలు కట్టినా, సీసా వేడెక్కినా ఆ జోడీ వద్దు.

జింకు విషయం వచ్చే పంటకు చూద్దాం. మట్టి పరీక్షలో తక్కువని తేలితే ఆఖరి దుక్కిలో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయండి. భాస్వరం ఉండే డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్ కట్టలకు, దీనికి రెండు మూడు రోజుల ఎడం ఉండాలి. ఏటా అలవాటుగా డీఏపీ వేస్తున్నారా అన్నది మీరు రాయలేదు. వేస్తుంటే భాస్వరం నిల్వ ఎంతుందో కూడా ఆ పరీక్షలోనే చూపించండి.

రెండో పిచికారీ తర్వాత పాత ఆకులను కాదు, కొత్త చిగురును చూడండి. అదీ పసుపుగానే వస్తుంటే రెండు మొక్కలను మట్టిగడ్డతో సహా తవ్వి గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన స్థానానికి తీసుకురండి. అప్పుడు వేరుకుళ్లు ఉందేమో చూడాలి.