గంజాయి కేసులో ఫైన్ కట్టాను, అటెస్టేషన్ ఫారంలో రాయాలా?

ప్రశ్న: డిగ్రీలో ఉండగా, 19 ఏళ్ల వయసులో, గంజాయి తాగుతూ పోలీసులకు దొరికాను. అరెస్టు చేయలేదు. నోటీసు ఇచ్చి పంపేశారు. తర్వాత కోర్టులో ఫైన్ కట్టాను. ఇప్పుడు కానిస్టేబుల్‌గా ఎంపికయ్యాను. ఉద్యోగంలో చేరేముందు మన వివరాలు, పాత కేసులు రాసిచ్చే అటెస్టేషన్ ఫారంలో ఆ సంగతి రాయాలా?

జవాబు: రాసి తీరాలి. ఫైన్ కట్టడంతో కేసు పోయిందని మీరు అనుకుంటున్నారు, కానీ చట్టం లెక్కలో అది శిక్ష పడిన కేసు. గంజాయి సేవించడం మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం సెక్షన్ 27(బి) కింద నేరం. ఆరు నెలల దాకా జైలు, లేదా రూ.10,000 దాకా జరిమానా, లేదా రెండూ వేయవచ్చు. పైగా నేరం ఒప్పుకున్నాక శిక్ష పరిమాణం, చట్టబద్ధత మీద తప్ప అప్పీలు ఉండదు. ఇలాంటి కేసు ఇంకా నడుస్తున్నవాళ్లు ‘ఒప్పేసుకో, ఇవాళే తేలిపోతుంది’ అన్న మాట విని ఒప్పుకోవద్దు. ముందు లాయర్‌ని కలవండి.

అరెస్టు కాలేదు కాబట్టి ‘లేదు’ అని రాయొచ్చనుకోవడం ఇంకో పొరపాటు. నోటీసు ఇచ్చారంటే సాధారణంగా ఎఫ్ఐఆర్ ఉన్నట్టే. ఫారంలో అరెస్టు, ప్రాసిక్యూషన్, జరిమానా, పెండింగ్ కేసు వేర్వేరుగా అడిగితే ప్రతిదానికీ విడిగా జవాబివ్వాలి. అడగని పాత అలవాట్ల గురించి మాత్రం రాయనక్కర్లేదు.

ఫారంలో కేసుల సంగతి దాచడంపై అవతార్ సింగ్ కేసులో (2016) సుప్రీంకోర్టు స్పష్టత ఇచ్చింది. సమాచారం దాచితే ఎంపిక రద్దు చేయవచ్చు. కేసు చిన్నదైతే అధికారులు తమ విచక్షణతో ఆ లోపాన్ని మన్నించవచ్చు. నిజం రాసినా అభ్యర్థి పూర్వాపరాలు చూసే హక్కు వాళ్లకుంటుంది. అంటే రాసినంత మాత్రాన ఉద్యోగం ఖాయం కాదు. పోలీసు శాఖ విషయంలో కోర్టులు మరింత కఠినంగా చూస్తాయి. అయినా స్పెషల్ బ్రాంచ్ (అభ్యర్థుల పూర్వాపరాలు ఆరా తీసే పోలీసు విభాగం) వెరిఫికేషన్‌లో బయటపడ్డాక వాదించడం కంటే, మీరే చెప్పి వాదించడం ఎంతో బలంగా ఉంటుంది.

ముందు కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో కేసు నంబర్ వెతకండి. ఆ కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టి ఎఫ్ఐఆర్, తీర్పు సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. ఫారంలో క్రైమ్ నంబర్, సెక్షన్, తీర్పు తేదీ, జరిమానా మొత్తం కాపీలో ఉన్నట్టే రాసి, వాటిని జతచేయండి. ఆ తర్వాత మరే కేసూ లేకపోతే ఆ మాట కూడా రాయండి.

ఎంపిక ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమంటూ షోకాజ్ నోటీసు వస్తే గడువులోపు రాతపూర్వకంగా జవాబివ్వండి. వయసు, నేరం స్వభావం, దాచలేదన్న విషయం అందులో ఉండాలి. వీటిని పట్టించుకోకుండా ఒక్క వాక్యంలో ఎంపిక రద్దు చేస్తే, ఆ ఉత్తర్వుపై హైకోర్టులో రిట్ వేయవచ్చు.