బరంపురంలో మే నెల: ఎక్కడికెళ్ళాలి అనేకన్నా ఎన్నింటికెళ్ళాలి అన్నదే ముఖ్యం

మీరడిగింది ఇదీ: "హైదరాబాదు, బెంగుళూరు, సూరత్‌ల నుంచి పది పన్నెండు మంది స్నేహితులం మే నెలలో ఒడిశాలోని సొంతూరు బరంపురం చేరుతున్నాం. ఇరవై రోజులుంటాం. రోజూ కలవాలని ఉంది. ఈ ఎండల్లో ఎక్కడెక్కడికి వెళ్ళొచ్చు?"

గోపాల్‌పూర్ బీచ్, తప్తపాణి వేడినీటి బుగ్గ, తారాతారిణి కొండగుడి, రంభ దగ్గర చిలికా సరస్సు. ఈ పేర్లు మీకు చిన్నప్పట్నుంచీ తెలిసినవే, మళ్ళీ నేను చెప్పక్కర్లేదు. మన ఊళ్ళో వేసవి కలయికలు చెడేది వేళ తప్పడం వల్ల. నా మాటంతా దాని గురించే.

మే నెల మధ్యలో హైదరాబాదులో ఉదయం 5:45 ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది, సాయంత్రం 6:40కి గుంకుతుంది. బరంపురంలో 5:15కే తెల్లారిపోతుంది, 6:20 లోపే పొద్దు గుంకుతుంది. దేశమంతటికీ గడియారం ఒకటే, మనం తూర్పున ఉన్నాం. అరగంటేగా అనిపిస్తుంది. కానీ అక్కడ ఏడున్నరకి నడకకి వెళ్ళే అలవాటున్నవాడు ఇక్కడా ఏడున్నరకే గుమ్మం దాటితే ఎండ అప్పటికే మాడు మీద ఉంటుంది. పైగా సముద్రం దగ్గర. గాలిలో తడి ఎక్కువ, చెమట పట్టడమే గానీ ఆరదు. థర్మామీటరు 36 చూపించినా ఒంటికి 40 దాటినట్టే ఉంటుంది. హైదరాబాదు ఎండకి నీడ చాలు. బరంపురం ఎండకి నీడతో పాటు గాలి కావాలి.

కాబట్టి కలవడానికి పనికొచ్చే పూటలు రెండే. పొద్దున్న 5 నుంచి 7:30 దాకా, సాయంత్రం 5:30 నుంచి రాత్రి 10 దాకా. పదకొండు నుంచి నాలుగు దాకా ఎవరింట్లో వాళ్ళు పడుకోండి. ఆ నిద్రే లేకపోతే ఇరవై రోజుల కార్యక్రమం అయిదో రోజుకే ఆగిపోతుంది.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. మే నెలలో స్నేహితుల్ని మధ్యాహ్నం భోజనానికి పిలవడం మానెయ్యండి. పన్నెండు మందికి వంటంటే ఎవరో ఒక అమ్మ, ఒక వదిన తొమ్మిదింటి నుంచి పొయ్యి దగ్గర నిలబడాలి. మనం ఫ్యాను కింద కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే వాళ్ళు వంటింట్లో ఉడికిపోతారు. వచ్చినవాళ్ళు తిని అక్కడే సోలిపోతారు, మాటా ఉండదు, ముచ్చటా ఉండదు. పిలవాలనుంటే పొద్దున్న చద్దన్నానికి పిలవండి. పొద్దున్న పొయ్యి దగ్గర నిలబడే పని ఉండదు.

చద్దన్నాన్ని ఒడియావాళ్ళు పఖాళ అంటారు, దాని మీది నీళ్ళని తొరాణి అంటారు. మనవాళ్ళు తరవాణి అంటారు. మాట దాదాపు ఒక్కటే, రుచీ ఒక్కటే. ఎనిమిది మందికి కిలో బియ్యం సరిపోతుంది. రాత్రి ఎనిమిదింటికి వండి, పళ్ళెంలో పరిచి పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి మీద నీళ్ళు పోస్తే అన్నం చిదికి జిగురొస్తుంది, చాలామంది దగ్గర పాడయ్యేది ఇక్కడే. చల్లారాక కుండలో వేసి, మెతుకుల మీద నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళు పోసి, చెంచాడు పెరుగు కలిపి, గుడ్డ కట్టి పెట్టాలి. మే నెలలో ఎనిమిది గంటలు చాలు, పన్నెండు గంటలుంచితే పుల్లగా అయిపోతుంది. ఉప్పు తినేముందే వెయ్యాలి. నంజుకోడానికి ఉల్లిపాయ, పచ్చిమిరప, వేయించి నలిపిన వడియాలు. అప్పడాలకీ, వడియాలకీ, ఊరగాయలకీ పేరున్న ఊరు మనది, పక్కకి ఇంకేం వండక్కర్లేదు.

సాయంత్రాలు రోజూ బయటికే పోనక్కర్లేదు, ఎవరిదైనా డాబా చాలు. అయితే డాబా కాంక్రీటు పగలంతా ఎండని తాగి, రాత్రి తొమ్మిది దాకా కక్కుతూనే ఉంటుంది. అందుకని నీళ్ళు చల్లుతారు, అదీ ఏడింటికి, అందరూ వచ్చాక. అప్పుడు ఆవిరి లేచి ఉక్క రెట్టింపవుతుంది. ఎండ వాలగానే, అయిదింటికి ఒకసారి పారేలా పొయ్యండి, ఆరింటికి ఇంకోసారి. ఏడయ్యేసరికి నేల ఆరి చల్లబడుతుంది, చాప పరిస్తే వీపుకి హాయిగా తగులుతుంది. సముద్రపు గాలి పొద్దుగుంకాక తగ్గిపోతుంది, కాబట్టి కింద నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి ఒక టేబుల్ ఫ్యాను పెట్టుకోండి. దాన్ని స్టూలెక్కించకుండా నేల మీదే పెడితే కూర్చున్న అందరికీ గాలి తగులుతుంది, దోమలూ కాళ్ళ దగ్గర చేరవు.

డాబా మీద పెట్టాల్సింది మారేడు పానకం. ఏప్రిల్ 14 ప్రాంతంలో ఒడియా కొత్త సంవత్సరం, పణా సంక్రాంతికి ఇంటింటా చేసేదే, మే నెలంతా పళ్ళు దొరుకుతాయి. కొనేటప్పుడు ఆకుపచ్చ పోయి పసుపు తిరిగిన కాయని తొడిమ దగ్గర వాసన చూడండి, తియ్యటి వాసన రాకపోతే అది ఇంకా నాలుగు రోజుల కాయ. కిలో తూగే పండు ఒకటి తీసుకుంటే పన్నెండు గ్లాసులవుతుంది. నేలకేసి ఒక్క దెబ్బ కొట్టి, గుజ్జుని గరిటెతో తీసి, లీటరున్నర నీళ్ళలో గంటసేపు నాననివ్వాలి. తర్వాత చేత్తోనే పిసకాలి. తొందరపడి మిక్సీలో వేశారంటే పని అంతే. మారేడు గింజల చుట్టూ జిగురు తిత్తి ఉంటుంది, బ్లేడు తగిలితే గింజ పగిలి పానకమంతా చేదెక్కుతుంది, ఎంత బెల్లం వేసినా ఆ చేదు పోదు. చేత్తో పిసికితే గింజలు తిత్తుల్లోనే జారి పక్కకొస్తాయి, పీచు వేళ్ళకి చుట్టుకుంటుంది. పెద్ద కన్నాల జల్లెడలో వడకట్టాలి. సన్నటి గుడ్డలో పోస్తే జిగురుకి ఒక్క చుక్కా దిగదు.

పావుకిలో బెల్లాన్ని విడిగా గోరువెచ్చని నీళ్ళలో కరిగించి వడకట్టి కలపండి, లేకపోతే అడుగున ఇసక కరకరమంటుంది. చెంచాడు మిరియాల పొడి, అయిదారు యాలకులు, చిటికెడు ఉప్పు, ఆవగింజంత పచ్చకర్పూరం. కర్పూరం కాస్త ఎక్కువైనా ఎవరూ తాగరు, జాగ్రత్త. కప్పుడు కొబ్బరి కోరు, నలిపిన అరటిపళ్ళు నాలుగు, నూట యాభై గ్రాముల ఛెనా, అంటే విరగ్గొట్టిన పాలముద్ద, ఇవి మటుకు గ్లాసుల్లో పొయ్యడానికి పది నిమిషాల ముందు కలపాలి. ముందే కలిపితే ఈ ఉక్కకి రెండు గంటల్లో పులిసిపోతుంది. బజారు ఐసుగడ్డ పానకంలో వెయ్యకండి, అది తాగే నీళ్ళతో చేసిందన్న నమ్మకం లేదు. గిన్నెనే ఐసు ముక్కల మధ్య పెట్టండి. మనిషికి రెండు గ్లాసులు మించితే కడుపు బరువెక్కుతుంది.

ఇక గోపాల్‌పూర్. ఊరికి 16 కిలోమీటర్లే కాబట్టి ఎప్పుడంటే అప్పుడు బయల్దేరిపోతారు. సూర్యాస్తమయం చూద్దామని వెళ్ళేవాళ్ళని చూస్తే నిజంగా బాధేస్తుంది. మన సముద్రం తూర్పు వైపు. సూర్యుడు నీళ్ళలో మునగడు, వీపు వెనక ఊరి మీద దిగుతాడు. అక్కడ చూడాల్సింది చంద్రోదయం. దానికి క్యాలెండరులో పున్నమి చూసుకుని, ఆ మర్నాడు, పాడ్యమి నాడు వెళ్ళండి. పున్నమి నాడు చంద్రుడు దాదాపు పొద్దుగుంకే వేళకే వస్తాడు, ఆకాశంలో వెలుతురు పోకముందే రావడం వల్ల వెలిసిన కాగితంలా ఉంటాడు. మర్నాడు ఓ యాభై నిమిషాలు ఆలస్యం. అప్పటికి నీళ్ళు నల్లబడి ఉంటాయి. ముందు దూరాన పడవ దీపంలా ఒక ఎర్రటి అంచు కనిపిస్తుంది. అది ఉబ్బుతూ ఉబ్బుతూ, కాల్చిన పెంకు రంగులో, అడుగుభాగం కాస్త నొక్కుకుపోయి పైకొస్తుంది. నీళ్ళ మీంచి పూర్తిగా విడిపడ్డానికి రెండు మూడు నిమిషాలే. ఆ తర్వాత కెరటాల మీద దారి పరుచుకుంటుంది. అంతసేపూ పన్నెండు మందీ మాట్లాడకుండా కూర్చుంటారు, చూడండి కావాలంటే.

ఊరి నుంచి 5:15కి బయల్దేరితే ఆరింటిలోపు ఇసక మీద ఉంటారు. ఎండ వెనకనుంచి పడుతుంది, కళ్ళలో కొట్టదు. లైట్‌హౌస్ దగ్గర గుంపు ఎక్కువ, ఒడ్డు వెంబడి పది నిమిషాలు నడిస్తే చోటు దొరుకుతుంది. ఒకప్పుడు మనవాళ్ళు బర్మాకి ఓడలెక్కిన రేవు ఇది, ఆ పాత కట్టడాల మొండిగోడలు ఇంకా కనిపిస్తాయి. వాటి దగ్గర కూర్చోండి గానీ వాటిమీదకి ఎక్కకండి.

నీళ్ళ విషయం. గోపాల్‌పూర్ కెరటం ఒడ్డుకి దగ్గరే విరుగుతుంది, అడుగున లాగేస్తుంది. మోకాలు దాటి దిగకూడదు, చీకటి పడ్డాక అసలు దిగకూడదు. రెండు పక్కలా కెరటాలు తెల్లగా విరుగుతూ మధ్యలో ఒకచోట నీళ్ళు నున్నగా, నిమ్మళంగా కనిపిస్తే అక్కడ బావుందని దిగుతారు. వచ్చిన నీరంతా వెనక్కి పోయే దారి అదే. లాగితే ఒడ్డుకేసి ఎదురీదకుండా, ఒడ్డు వెంబడి పక్కకి ఈది బయటపడాలి. అక్కడి బెస్తవాళ్ళని ఒడియాలో నోళియాలంటారు, వాళ్ళ ఇంటి భాష తెలుగే. "అన్నా, ఇయ్యాల నీరెలాగుంది?" అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్తారు. వద్దంటే వద్దనే.

ఒడ్డున గాజు సీసాలు పగలగొట్టేవాళ్ళు మారరా అనిపిస్తుంది. వలలు లాగేవాళ్ళు ఉత్తకాళ్ళతోనే నడుస్తారు ఆ ఇసకలో. మీరు తెచ్చిన సీసాలు, కప్పులు ఒక గోనెసంచిలో వేసి ఊరికి తిరిగి తెచ్చుకోండి.

చేపలు తినాలని ఉంటుంది, ఉండకుండా ఎలా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేటకి నిషేధం. చేపలు గుడ్లుపెట్టే కాలం. అందుకని మే నెలలో పెద్ద చందువ, పెద్ద కోనాం "ఇప్పుడే వచ్చింది బాబూ" అంటే నమ్మకండి, అది చాలామటుకు ఐసులో ప్రయాణం చేసొచ్చిందే. చిన్న పడవలవాళ్ళు పొద్దున్నే తెచ్చే కవ్వళ్ళు, నెత్తళ్ళు కొనండి. మొప్ప ఎర్రగా ఉండాలి, కన్ను ఉబికి ఉండాలి, వేలితో నొక్కితే గుంట పడకూడదు.

ఏప్రిల్, మే సాయంత్రాల్లో కాలబైశాఖి, అంటే ఉరుములు పిడుగుల గాలివాన, వస్తుంది. వాయవ్యాన మబ్బు నల్లగా కమ్మి, గాలి ఒక్కసారి ఆగిపోయిందంటే పావుగంటలో విరుచుకుపడుతుంది. డాబా మీదుంటే ఫ్యాను ప్లగ్గు ముందు తీసి కిందికి దిగండి. ఒడ్డున ఉంటే చెట్టుకింద నిలబడకుండా కారులోకి ఎక్కి తలుపులు మూసుకోండి. ఫోన్‌లో దామిని యాప్ పెట్టుకుంటే దగ్గర్లో పిడుగులు పడుతుంటే చెప్తుంది.

డబ్బు దగ్గర స్నేహాలు చెడకూడదు. రోజుకో లెక్క, ఎవడెంత ఇవ్వాలన్న గొడవ వద్దు. మొదటి రోజే తలా రెండు వేలు ఒకరి దగ్గర వెయ్యండి, ఖర్చంతా అందులోంచే. అయిపోతే మళ్ళీ తలా అంతే. సూరత్‌లో మగ్గం మీద పనిచేసేవాడూ, బెంగుళూరులో కంప్యూటరు పని చేసేవాడూ ఒకే గుంపులో ఉంటారు కాబట్టి, ఆ రెండు వేలు తక్కువ సంపాదించేవాణ్ణి అడిగి ఖాయం చెయ్యండి. పెద్ద జీతగాడు "నేను పెట్టేస్తాలే" అని రోజూ అంటే రెండోవాడు నాలుగో రోజు నుంచి రావడం మానేస్తాడు, ఎందుకు మానేశాడో ఎవరికీ చెప్పడు. వాట్సాప్‌లో "సాయంత్రం ఏంటి?" అని అడిగి ఓట్లు వేయించడం కూడా దండగ. "5:15, ఫలానావాడి గుమ్మం, బండి ఆగదు" అని ఒకరు రాయాలి, అంతే. పదినిమిషాలు ఆలస్యంగా వచ్చినవాడి కోసం ఒకసారి ఆగితే మర్నాటి నుంచి అందరూ అరగంట ఆలస్యంగానే వస్తారు.

ఇంకోటి, వీలైతే వచ్చేసారి మే బదులు చైత్రంలో రండి, అదీ బుఢీ ఠాకురాణి అమ్మవారి జాతర జరిగే సంవత్సరం చూసుకుని. రెండేళ్ళకోసారి, నెలరోజుల దాకా సాగుతుంది. మన తెలుగు నేతవాళ్ళ ఇలవేల్పు ఆవిడ, జాతర రోజుల్లో దేశీబెహరా వీధిలో కొలువుంటుంది, రాత్రిళ్ళు ఘటాలు వీధులు తిరుగుతాయి. పులివేషాలు, పురాణ వేషాలు తెల్లవార్లూ ఉంటాయి, ఎండ బాధ లేదు, ఊరంతా రోడ్డు మీదే. తారాతారిణికి మటుకు ఆ నెల మంగళవారాలు పెట్టుకోకండి, కొండకింద దాకా జనమే. రైలు టిక్కెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, జాతర తేదీలు ఖాయమైన రోజే లెక్కపెట్టుకుని కొనేసుకోండి.