సాంబ మసూరిలో ఆకుల అంచులు ఎండుతున్నాయి, ఏ మందు కొట్టాలి?

చిరుపొట్ట దశలో (వెన్ను ఇంకా బయటికి రాకముందు) ఉన్న సాంబ మసూరికి ఆకులు కొన నుంచి అంచుల వెంబడి పసుపెక్కి ఎండుతున్నాయని, రెండుసార్లు మందు కొట్టినా తగ్గలేదని రాశారు. అది ఎండాకు తెగులులాగే ఉందండీ. తెనాలి దగ్గర మా నాలుగెకరాల బీపీటీకి, అంటే సాంబ మసూరికే, ఒక ఏడాది ఇదే వచ్చింది.

ముందు ఓ పని చేయండి. ఎండిన భాగం, పచ్చటి భాగం కలిసే చోట ఆకు కోసి, కోసిన చివరను గాజు గ్లాసులో మంచినీళ్లలో ముంచండి. కాసేపటికి అక్కడి నుంచి తెల్లగా పొగలాంటిది దిగితే బాక్టీరియానే. దాని పేరు శాంథోమోనాస్ ఒరైజే. పొటాష్ లోపంలోనూ అంచులు ఎండుతాయి కానీ ఈ పొగ రాదు.

మా నాన్న అప్పుడు ఆకు పసుపెక్కింది కదా, బలం చాలలేదనుకుని ఎకరానికి ఇంకో అరబస్తా యూరియా చల్లించారు. ఈ తెగులుకి కావాల్సిందే అది. పైగా వారంలో గాలివాన. ఆకులు ఒకదానికొకటి రాసుకుని చిరిగితే ఆ గాయాల్లోంచే ఇది లోపలికి పోతుంది. వాన వెలిశాక గట్టు మీద నుంచి చూస్తే చేనంతా నిప్పంటించినట్టుంది. కొట్టువాడు ఇచ్చినవి శిలీంద్రాల మందులు, బాక్టీరియాకి అవేం చేస్తాయి? అసలు ఇది ఆకులో నీరు పారే నాళాల్లో ఉంటుంది. రాగి మందు కొడితే పాకడం కొంత తగ్గొచ్చేమో గానీ ఎండిన ఆకు మళ్లీ పచ్చబడదు.

కాబట్టి యూరియా ఆపేయండి. మడిలో నీళ్లు తీసేయండి, అవి పక్కవాళ్ల చేలోకి మాత్రం వదలొద్దు. మంచు ఆరకముందు చేలో తిరగొద్దు.

వచ్చే ఏడాదికి విత్తనం మార్చుకోండి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), వరి పరిశోధన సంస్థ కలిసి తెచ్చిన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. ఈ తెగుల్ని తట్టుకునే మూడు జన్యువుల్ని మామూలు సంకరంతోనే అందులోకి తెచ్చారు. వాటిలో ఒకటి ఆఫ్రికా అడవి వరిది! అన్నం తిని మా అమ్మ తేడా కనిపెట్టలేకపోయింది. నారు కొనలు తుంచకుండా నాటండి. పురుగు గుడ్లు పోతాయని తుంచమంటారు, నిజమే, కానీ ఈ తెగులు వచ్చిన చోట ఆ గాయాలే దారి.

ఈ మెరుగైన రకం సుడిదోమకూ (వరి రసం పీల్చే పురుగు), అగ్గి తెగులుకూ ఆగదు. దోమకి మేం మందు కొట్టాల్సే వచ్చింది.